ఆవిరి పైపు మీది సద్దులు

ఏడుగురి సద్ది, నా మోచేతి తోలు, నాకు పని నేర్పే ఉస్తాద్ దగ్గరున్న మంచిపేరు. ఆ మధ్యాహ్నం పోయినవి ఇవి.

తొంభైలలో వనపర్తి దగ్గర ఉప్పుడు బియ్యం మిల్లులో పైపుల పని నేర్చుకుంటున్నాను. కూలీలు మధ్యాహ్నం తినే సద్దిగిన్నెలు వేడెక్కడానికి ఆవిరి పైపు మీద పెట్టేవారు. నేను బిగించిన అతుకులోంచి ఆవిరి బుస్సున చిమ్మి, గిన్నెలన్నీ ఎగిరిపడ్డాయి. ఉస్తాద్ మోచెయ్యి కాలిన నన్ను పక్కకు లాగి వాల్వు కట్టేశాడు.

"పైపు మరకు జనపనార ఉల్టా చుట్టినవ్‌రా! ఇగ ఆవిరి ఆగుతదా?"

ఇంటికి పంపేస్తాడనుకున్నాను.

"మా పప్పంత గోడకు తినిపిస్తివి గదరా," అంది కూలీ ఎల్లమ్మ. అందరూ నవ్వారు. ఉస్తాద్ కూడా మెత్తబడ్డాడు.

"రోజుకొకరికి నీ సద్ది పెట్టు. రేపు మళ్ల పనికి రా."

"నేను ఆఖర్న తింట తియ్ బిడ్డా," అంది ఎల్లమ్మ.

ఆరుగురు తిన్నారు. ఏడో రోజుకు ఎల్లమ్మ కూలిపనికి వలసపోతూ బొంబాయి బస్సెక్కేసింది.

నేటికీ పైపుల పనే నా బతుకు. ఒక పూట బువ్వ మాత్రం ఇంకా బాకీ.