మొదలు పైకి నిలబెట్టిన స్తంభాలు

ఎవరైనా దెయ్యం కథ మొదలెడితే లేచి వెళ్ళిపోయే రకం నేను. వడ్రంగిని. రాత్రిపూట ఇంట్లో చప్పుడైతే కొయ్య ఎండుతోందనుకుంటాను. ఇదొక్కటే నాకు అంతు చిక్కలేదు.

కువైత్‌లో, సల్వాలోని ఒక విల్లాలో ఇంగ్లీషు సార్ ఒకాయన ఉండేవాడు. షుఐబా రిఫైనరీలో ఇంజనీరు. వాళ్ళ ఊళ్ళో వందల ఏళ్ళనాటి కొయ్య పబ్ ఉందట. దాని ఫొటోలిచ్చి, కింది గదిని అచ్చం అలాగే నాతో కట్టించుకున్నాడు. ఆ దేశంలో మందు నిషేధం కాబట్టి తాగడానికి మాత్రం టీయే. నల్లటి దూలాలు, లావాటి స్తంభాలు, ఎక్కడా ఇనుప మేకు లేదు, అన్నీ కొయ్యచీలలే. చెట్టు మొదలు వైపు పైకి ఉండేలా స్తంభాలు నిలబెట్టమన్నాడు. దూలం కూర్చోడానికి చోటు ఎక్కువట, వాళ్ళ పద్ధతి అదేనట. మాలో అలా పెడితే ఇంటికి కీడు. చీల కొట్టినప్పుడల్లా "తలకిందులు, తలకిందులు" అని సణిగేవాణ్ణి. సార్‌కి వచ్చిన తెలుగు మాట అదొక్కటే.

ఇరాక్ సైన్యం వచ్చాక తెల్లవాళ్ళను ఏరి పట్టుకుపోయారు. ఓ మధ్యాహ్నం నేను విల్లాలో పనిలో ఉండగా ఆ వీధిలో సైనికుల జీపు ఆగింది. కింది గదిలో రెండు స్తంభాల మధ్య చెక్క వెనక ఒక మనిషి పట్టే సందుంది. సార్‌ని అందులో నిలబెట్టి, చెక్క మూసి, బయటనుంచి నాలుగు చీలలు బిగించాను. లోపలినుంచి తీయడం ఎవరి వల్లా కాదు. వాళ్ళు వెళ్ళగానే తీస్తానని మాటిచ్చాను.

వాళ్ళు వెతికి వెళ్ళిపోయారు. అంతలోనే మా కోనసీమ సూరిబాబు గేటు దగ్గర్నించి కేకేశాడు. "బస్రా లారీ ఎల్లిపోతంది. వత్తావా, ఇక్కడే సత్తావా?"

చీలలు తీయడానికి ఐదు నిమిషాలు చాలు. కానీ తెల్లవాళ్ళను దాచినవాళ్ళను కాల్చేస్తారని విని ఉన్నాను. బస్రా మీదుగా జోర్డాన్ వైపు పోయే ఆ లారీ ఎక్కేశాను.

జోర్డాన్ క్యాంపులో రోజూ ఆ నాలుగు చీలలే లెక్కపెట్టుకునేవాణ్ణి. బతికున్న మనిషిని పెట్టెలో పెట్టి మూసేసిన వెధవని నేను. సూరిబాబుకి కూడా చెప్పలేదు.

యుద్ధం అయ్యాక కొత్త ఇఖామా, అంటే అక్కడ ఉండే పర్మిట్ మీద తిరిగొచ్చి, ఎముకలైనా చూసి తప్పు ఒప్పుకోవాలని ఆ విల్లాకి వెళ్ళాను. తలుపు తీసింది సారే.

నన్ను కావలించుకుని ఏడ్చాడు. ఆ సాయంత్రం నేను వెనక్కి రాకపోతే చచ్చిపోయేవాడట. చీలల మీద సుత్తి చప్పుడు వినబడిందట. ఒక్కోటీ ఊడుతుంటే బయట నా గొంతు సణిగిందట, తలకిందులు, తలకిందులు అని. చెక్క జరుపుకుని బయటికొచ్చేసరికి గదిలో ఎవరూ లేరు. నాలుగు చీలలూ గోడవారన వరసగా ఉన్నాయి, నేను పెట్టుకునేలాగే.

అప్పటికి మా లారీ సరిహద్దు దాటింది. ఆ వీధిలో తెలుగువాడు ఇంకొకడు లేడు.

నేను కాదు సార్ అనాలి. అనలేదు. "పర్లేదు సార్" అన్నాను.

ఆ చీలలు తీసిందెవరో నాకు ఈనాటికీ తెలియదు. ఆయన మనలాగే రెండు చేతులెత్తి పెట్టిన దండం మాత్రం నేనే పుచ్చుకున్నాను.