కొలిచాక తీసే పిడికెడు

“ఆ పిడికెడు ఈ నెలకి ఆపండి అత్తయ్యా. దేవుడేమీ అనుకోడు.”

“అనుకోనని నీకు సెప్పాడేటి?”

“అరిగిన సబ్బుముక్కని కొత్త సబ్బుకి అంటించి వాడతారు. బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు మొక్కకి తప్ప పొయ్యనివ్వరు. అలాంటి మీరు రెండు పూటలా పిడికెడు బియ్యం పారేస్తారా?”

“పారెయ్యటం లేదు. ఇస్తన్నాను.”

“ఇచ్చే రోజులా ఇవి?”

నిన్న సాయంత్రం నేను ఇంకేదో అనేలోపు కోడలు వంటింట్లోంచి వెళ్లిపోయింది. తన తప్పేమీ లేదు. అచ్యుతాపురంలో మా అబ్బాయి పనిచేసే ఫ్యాక్టరీ మూతపడింది. నెలాఖరుదాకా బస్తా సరిపోవాలని తన బెంగ. నేను కొలిచిన బియ్యంలో చెయ్యి పెట్టి అలాగే నిలబడిపోయాను. వేళ్ల సందుల్లోంచి చల్లగా గింజలు జారుతుంటే మా అత్త సువార్తమ్మ గుర్తొచ్చింది.

అన్నం వండే ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం వేరే డబ్బాలో వెయ్యడం మా చర్చి సంఘంలో ఆడవాళ్ల అలవాటు. ఆదివారం అందరం గుడిలో గంపలో పోస్తాం. ఎవరూ లేనివాళ్లకి అది వెళుతుంది. నేను కాపురానికొచ్చిన కొత్తలో, పోర్టు వెనక రేకుల ఇంట్లో, బస్తాలోంచి ఒక పిడికెడు తీసి డబ్బాలో వేశాను. బాగా చేశానే అనుకున్నాను. అత్త ఆ గింజలు మళ్లీ బస్తాలో పోసేసింది.

“బస్తాలోది తీత్తే ఎవులికి తగ్గింది పిల్లా? మనకని కొలుసుకున్నాక తియ్యి.”

“అప్పుడు మనకి తగ్గిపోద్ది కదత్తా.”

“తగ్గాలి మరి,” అని పొయ్యి ఊదుకోసాగింది.

ఆవిడ ప్రార్థనంతా ఆ పొయ్యి దగ్గరే. పొగలో కూర్చుని, ఎసరు వైపు చూస్తూ, పక్కనున్న మనిషితో మాట్లాడినట్టు దేవుడితో మాట్లాడేది. కళ్లు మూసుకోవా అత్తా అని నేనడిగితే, “మూసుకుంటే అన్నం మాడిపోద్ది. ఆయనకి తెల్దేటి?” అంది. అలా అని నవ్వలేదు కూడా.

ఒక వానాకాలం నా భర్తకి ఓడల మీద మోత పని దొరకలేదు. బస్తా అడుగు కనిపించింది. పిడికెడు ఆపుదామని నేనే అన్నాను, నిన్న కోడలు అన్నట్టే. “నా కంచంలోదే తీత్తన్నాను, మీది కాదు,” అంది. అందరికీ పెట్టాక ఆవిడ గంజిలో ఉప్పు వేసుకుని తాగడం చూశాను. తిన్నావా అత్తా అంటే, “తిన్నాన్లే పిల్లా,” అంది. ఆ గంజి రోజుల్లోనూ ఆదివారం గంపలో డబ్బా బోర్లించేటప్పుడు ఆవిడ మొహం తేటగా ఉండేది. నాకేమో కడుపు మండిపోయేది.

ఇప్పుడు నన్ను అత్తయ్యా అంటారు, నానమ్మా అంటారు, బజారులో మామ్మగారూ అంటారు. పిల్లా అని పిలిచేవాళ్లు లేరు. వంటింట్లో వెనకనుంచి ఆ గొంతు ఒక్కసారి వినబడితే, బియ్యం తప్పుగా తీశానని తిట్టినా సరే, బాగుండునని ఉంటుంది. కూతుర్నే కోల్పోయినవాళ్లున్నారు లోకంలో, ముసలి అత్త కోసం ఈ బెంగేమిటని నన్ను నేనే కసురుకుంటాను. అయినా పోదు.

నిన్న ఆ పిడికెడు డబ్బాలో వేసే వండాను. కోడలు నాతో మాట్లాడకుండానే తిని పడుకుంది.

ఈవేళ పొద్దున్న నాకంటే ముందు లేచింది. నేను వెళ్లేసరికి బియ్యం కొలిచి, కడిగి, కుక్కరు పెట్టేసింది. డబ్బాలో గింజ పడలేదు. తినేవేళకి నా కంచంలో పెట్టిన అన్నంలోంచి ఒక పిడికెడు గిన్నెలోకి తీసి, పైన కాస్త పప్పు వేశాను. కోడలు చూసింది. గిన్నె పట్టుకుని మా సందు చివర ఎండుచేపలు అమ్ముకునే ముసలామె గౌరమ్మ దగ్గరికి వెళ్లాను.

“ఏటమ్మా, ఈయేల పండగేటి?” అంది.

“కాదు. వేడిగా ఉంది, తిను,” అన్నాను.