పది కాదు

రియాద్‌లో నేను పనిచేసే ఇంట్లో నానిన ఎండుద్రాక్ష వాసనకు, శనివారం ప్రార్థనకు ఆ ద్రాక్షతోనే రసం తీసే గుంటూరు దగ్గరి మా చిన్న యూదుల మందిరం గుర్తొచ్చింది. మా ఊరి లైబ్రరీలో ఎంత వెతికినా మా తెలుగు యూదుల సంగతి దొరకలేదు, అందుకే రాస్తున్నాను.

ప్రార్థనకు పదిమంది మగవాళ్లు కావాలి. నా చిన్నప్పుడు ఒక శనివారం తొమ్మిదిమందే వచ్చారు. చదువురాక గుమ్మం బయటే కూర్చునే మా ఇస్సాకు తాతను లోపలికి లాక్కెళ్లాను. ప్రార్థన చేయించే దావీదు మాస్టారు ఒక్కొక్కరినీ చూస్తూ "ఒకటి కాదు, రెండు కాదు" అంటూ వచ్చి, తాత దగ్గర "పది కాదు" అన్నారు. తాతను వద్దన్నారని ఏడ్చేశాను.

"ఓసి పిచ్చిపిల్లా, మనుషుల్ని గొర్రెల్లా లెక్కపెట్టకూడదని అట్టా ‘కాదు’ చేర్చి అంటామే. మీ తాత లేకపోతే ఇయ్యాల ప్రార్థనే లేదు."

"నాకు చదవటం రాదు గదయ్యా," అన్నాడు తాత.

"ఆమేన్ అనటం వచ్చుగా. అక్షరాలు రేపు మొదలెడదాం."

తాత నేర్చుకున్నాడు, నాకూ నేర్పాడు.

దావీదు మాస్టారికీ, ఇస్సాకు తాతకీ, పుస్తకాలిచ్చిన లైబ్రేరియన్ సుబ్బాయమ్మగారికీ కృతజ్ఞతలు. ముగ్గురని మాత్రం అనను.