ఇస్త్రీపెట్టె ఇల్లు మారింది

లాండ్రీలో ఇస్త్రీ బల్ల వెనక ఇరవై రెండేళ్లు నిలబడ్డ మనిషికి లోకమంతా చొక్కాలూ ప్యాంట్లూగా కనబడాలి. ఆమెకు మాత్రం జేబులుగా కనబడేది. బట్టలు ఉతకడానికి వేసే ముందు ప్రతి జేబులోనూ చెయ్యి పెట్టి చూడటం ఆ దుకాణంలో ఆమె పొద్దుటి పని. ఎవరో మరిచిపోయిన పెన్ను ఒక్కటి చాలు, ఆ విడతలో ఉన్న చొక్కాలన్నీ నీలమైపోతాయి. దొరికినవన్నీ ఒక కవరులో వేసి, బట్టలతో పాటు తిరిగి ఇచ్చేస్తారు. మధ్యాహ్నం ఇస్త్రీకి నిలబడే ముందు ఆమె వాటిలోంచి ఒకటి ఎంచుకుని, ఫొటో తీసి, సోషల్ మీడియాలో పెట్టేది. పేర్లూ రాతలూ ఉన్న కాగితాలు ఎప్పుడూ పెట్టలేదు. ఆ మాత్రం నీతి ఆమెకుంది.

అందరూ ఉండే ఆ పెద్ద చోట ఆమె పేరు ‘ఇస్త్రీపెట్టె’. పదకొండేళ్లలో తొమ్మిది వేలమంది చేరారు. వాళ్లలో ఎనిమిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది మందిని ఆమె పెద్దగా పట్టించుకోలేదనే చెప్పాలి. మిగిలిన ఆ ఒక్కరి కోసమే రోజూ ఫొటో పెట్టేది.

ఆ ఒక్కరి బొమ్మ స్థానంలో ఒక పసుపు పిట్ట ఉంటుంది. ఆడో మగో, పెద్దో చిన్నో తెలియదు కనుక ఆమె మనసులో అది పిట్టే. ఏ వస్తువు పెట్టినా, దాన్ని జేబులో మరిచిపోయిన మనిషి గురించి పిట్ట రెండు వాక్యాల కథ రాసేది. ఒకసారి చదరంగం బంటు దొరికితే, “ఓడిపోతున్నానని తెలిసి బంటును జేబులో వేసుకుని లేచిపోయాడు. ఎదుటివాడు ఇంకా బల్ల కింద వెతుకుతూనే ఉన్నాడు” అని రాసింది. ఆమె ఇస్త్రీ ఆపి మరీ నవ్వింది. ఇలా ఏడేళ్లు. ఇంట్లో భర్త మంచివాడే, కానీ ఆయన రోజంతా మాట్లాడే మాటలన్నీ కూడినా పిట్ట రాసే రెండు వాక్యాలంత కావు. కాళ్లు పీకుతూ, ఆవిరికి కళ్లు మండుతూ ఉండే మధ్యాహ్నాల్లో ఆమెను నిలబెట్టింది ఆ రెండు వాక్యాలే. ఇందులో దాచుకోవలసిందేమీ లేదు.

మరి ఆ చోటు ఎందుకు వదిలిందంటే, అది రానురాను సంతలా తయారైంది. రెండు ఫొటోలకు మధ్య నాలుగు ప్రకటనలు. పెట్టింది పెట్టినట్టు ఎవరికీ కనబడదు. ఎవరో ఎవరినో తిడుతుంటే ఆ తిట్లన్నీ ముందు తెచ్చి చూపించేది. చివరికి ఒకరోజు పిట్ట రాసిన కథను ‘నాణ్యత తక్కువ’ అని ముద్ర వేసి అడుగున దాచేసింది. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

ఆడపడుచు ఎప్పటినుంచో చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. ఆ పిల్ల బడిలో కంప్యూటర్ టీచరు, వదినను బాగుచేయడం కూడా తన ఉద్యోగంలో భాగమనుకుంటుంది.

“వదినా, ఇంకా ఆ చెత్తలోనే ఉన్నావా? నేను చెప్పిన చోటికి వచ్చేయ్. దానికి యజమాని అంటూ ఒకడు ఉండడు.”

“యజమాని లేకపోతే శుభ్రం ఎవరు చేస్తారు?” అంది ఆమె. లాండ్రీ మనిషికి రావలసిన సందేహమే.

“అది ఒకటే పెద్ద భవనం కాదు వదినా. వేలకొద్దీ చిన్నచిన్న ఇళ్లు. ఒక్కో ఇంటిని ఒక్కొక్కరు నడుపుతారు. ఏ ఇంట్లో దిగినా మిగతా ఇళ్లవాళ్లతో మాట్లాడుకోవచ్చు.”

“మరి ఏ ఇంట్లో దిగాలి?”

“నీ ఇష్టం.”

ఆ ‘నీ ఇష్టం’ దగ్గరే ఆమె తల ప్రాణం తోకకొచ్చింది. నక్షత్రాలు చూసేవాళ్ల ఇల్లట, సైకిళ్లు తొక్కేవాళ్ల ఇల్లట, ఏమీ నచ్చనివాళ్ల ఇల్లట. ఒక్కో గుమ్మం ముందు ఒక్కో నిబంధనల జాబితా. మూడు రోజులు చదివి చదివి, చివరికి కుట్టుపని చేసేవాళ్ల ఇల్లు ఒకటి చూసుకుంది. ఉన్నది మూడు వందలమంది. నడిపేది ఒక విశ్రాంత దర్జీ. “ఇది మా ఇంట్లో ఉన్న పాత కంప్యూటరు మీద నడుస్తుంది. ఆదివారం మధ్యాహ్నం నేను పడుకుంటాను. అప్పుడు ఏదైనా ఆగిపోతే లేచాక చూస్తాను” అని గుమ్మంలోనే రాసిపెట్టాడు. ఆ మాట నచ్చి అక్కడే దిగింది.

పాత చోట ఆఖరి మాటగా ఇలా రాసింది: “నేను యజమాని లేని ఆ చిన్నచిన్న ఇళ్ల చోటికి వెళ్లిపోతున్నాను. అక్కడ ఇస్త్రీపెట్టె అని వెతకండి, దొరుకుతాను.” ఒక రోజంతా అలా ఉంచి, ఖాతా మూసేసింది. ముప్పై రోజుల్లోగా మనసు మారితే తెరుచుకోవచ్చని, ఆ తర్వాత అంతా చెరిగిపోతుందని ఆ పెద్ద చోటు బతిమాలింది. మారదులే అనుకుని చేతులు దులుపుకుంది.

కొత్త ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ప్రకటనలు లేవు. ఎవరు ఏ వరసలో రాస్తే ఆ వరసలోనే కనబడుతుంది. మొదటి సాయంత్రం ఆమె కిందికి జరుపుతూ పోతే, కాసేపటికి అయిపోయింది. అయిపోతుందని ఆమెకు తెలియదు. ఏదో చెడిందనుకుని ఫోన్‌ను ఆపి మళ్లీ పెట్టింది. చెడలేదు, ఆ రోజుకు అంతే.

మొదటి ఫొటోగా ఒక తెగిన షూ లేసు పెట్టింది. ఎవరో ఒకావిడ మర్యాదగా, “బొమ్మలో ఏముందో మాటల్లో కూడా రాస్తారా? ఇక్కడ చూపులేనివాళ్లు కొందరున్నారు” అని అడిగింది. పదిగంటలు నిలబడి వచ్చిన మనిషికి ఇదొక పని. అయినా రాసింది. తెల్ల లేసు, ఒక కొస పీచు లేచింది, రెండు చోట్ల ముడి. నలుగురు బాగుందన్నారు. పిట్ట రాలేదు.

కొత్త చోటు కదా, దారి తెలుసుకుని వస్తుందిలే అనుకుంది. వారం గడిచింది. రెండో వారం ఫోన్ మోగినప్పుడల్లా ఇస్త్రీ ఆపడం మొదలైంది. పెట్టె కింద ఉన్న కాలరు ఒకటి పసుపుపచ్చగా మాడింది. పిట్టకు ఒంట్లో బాగాలేదేమో, కోపమొచ్చిందేమో, అసలు బతికే ఉందో లేదో అని రకరకాలుగా పోయింది ఆలోచన. మూడో వారంలో ఒక జేబులోని పెన్ను ఆమె చేతికి తగలకుండా జారిపోయింది. పద్నాలుగు చొక్కాలు నీలమయ్యాయి. ఇరవై రెండేళ్లలో అదే మొదటిసారి. దుకాణం యజమాని తనే వాటిని తీసుకెళ్లి నానబెట్టాడు. తిట్టినా బాగుండేదనిపించింది.

ముప్పై అయిదో రోజున ఆడపడుచు వచ్చింది. ఆమె కాళ్లు వేడినీళ్ల బకెట్టులో పెట్టుకుని కూర్చుని ఉంది.

“ఎలా ఉంది వదినా కొత్త ఇల్లు?”

“బాగానే ఉంది. రావలసినవాళ్లే రాలేదు.”

విషయమంతా విని ఆడపడుచు, “చివర్లో ఏమని రాశావు?” అంది.

“ఇస్త్రీపెట్టె అని వెతకండి, దొరుకుతాను అని.”

“ఏ ఇల్లో రాయలేదా?”

“పేరు రాశానుగా.”

ఆడపడుచు నుదురు కొట్టుకుంది. “అక్కడ ఇస్త్రీపెట్టె అంటే నువ్వొక్కదానివే వదినా. ఇక్కడ ఇంటికొక ఇస్త్రీపెట్టె ఉండొచ్చు. పేరు పక్కన ఇంటి పేరు కూడా రాస్తేనే అడ్రస్. పైగా మీ ఇంట్లో వెతికితే, మీవాళ్లకి తెలిసినవాళ్లే కనబడతారు. పిట్టకి నువ్వు కనబడవు, నీకు పిట్ట కనబడదు.”

“పాతది తెరిచి సరిచేస్తే?”

“ముప్పై రోజులు దాటిపోయాయి.”

బకెట్టులో నీళ్లు చల్లారిపోయాయి. ఆమె కాళ్లు తీయలేదు. ఆడపడుచే జాలిపడి ఫోన్ తీసుకుంది. కొత్తగా వచ్చేవాళ్లలో ఎక్కువమంది దిగే పెద్ద ఇల్లు ఒకటుంది. అక్కడ వెతికితే ఇంకో ఇస్త్రీపెట్టె దొరికింది. చెడిపోయిన ఇస్త్రీపెట్టెలూ హీటర్లూ బాగుచేసే మనిషి. పేజీ నిండా మాడిన తీగల ఫొటోలే. వాటి కింద, ఆమె ఇల్లు మారిన రోజునుంచీ, పసుపు పిట్ట.

“జేబులు మానేసి తీగలు పట్టుకున్నారేమిటి?” అని అడిగింది పిట్ట.

“మీరు వెతికే మనిషిని నేను కాదండీ” అని రాశాడు మెకానిక్. “పేర్లు కలిసినట్టున్నాయి. ఇంతకీ మీరెవరు? ఏం చేస్తుంటారు?”

పిట్ట చెప్పింది. రైల్వే గేటు దగ్గర పని. రోజుకు ఆరు రైళ్లు. రైలుకూ రైలుకూ మధ్య మాట్లాడటానికి మనిషి ఉండదు. ఒక్కతే చెల్లెలు ఉండేది, పోయినేడు చనిపోయింది. “ఆ రోజు కూడా మామూలుగానే కథ రాశాను. జేబుల ఫొటోలు పెట్టే ఆవిడకు తెలియదు. ఆవిడ ఎప్పుడూ ఏమీ అడగలేదు, నేనూ చెప్పలేదు.”

“ఆవిడ మీకోసం చూస్తుంటుందేమో” అన్నాడు మెకానిక్.

“వేలమంది ఉన్నారండీ ఆవిడకి. నేను రాకపోతే ఎలా తెలుస్తుంది?”

ఆ తర్వాత ముప్పై అయిదు రోజుల మాటలున్నాయి. మెకానిక్ ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నాడు, పిట్ట చెబుతూనే ఉంది. ఆమె అన్నీ చదివింది. తను పిట్టకు ఏమేం రాసిందో గుర్తు చేసుకోబోయింది. నవ్వు బొమ్మ, అప్పుడప్పుడు రెండు నవ్వు బొమ్మలు. అంతకు మించి ఏమీ లేదు. తీసుకోవడమే తప్ప ఇవ్వడం ఎరగని మనిషిలా ఏడేళ్లు బతికానే అనుకుని సిగ్గుపడింది. అలసిపోయాననే సాకు ఆ పూట పనికిరాలేదు.

“నేనిక్కడున్నానని రాయి వదినా, ఎగిరొచ్చేస్తుంది” అంది ఆడపడుచు.

ఆమె ‘నేను’ అని కొట్టింది. చెరిపేసింది. మళ్లీ ‘నేను’ అనే వచ్చింది. మళ్లీ చెరిపేసింది. ఆడపడుచు విసుక్కుని టీ పెట్టడానికి లేచింది. అప్పుడు నెమ్మదిగా, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, “మీ చెల్లెలి పేరేమిటి?” అని రాసి పంపింది.

వెంటనే జవాబు రాలేదు. ఇది రైలొచ్చే వేళేమో, గేటు వెయ్యాలేమో, రైలు వెళ్లాక మళ్లీ తియ్యాలేమో అనుకుంటూ ఆమె ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.