లైల్ బ్రెంకో ఎనిమిది రెట్ల సిద్ధాంతం

మా టానర్స్‌ఫోర్డ్ చరిత్రలో గుర్తుంచుకోదగ్గ రోజులు మూడే ఉన్నాయి. ఏరు పొంగి వంతెన కొట్టుకుపోయిన రోజు ఒకటి. తోళ్ళ కార్ఖానా తగలబడిన రోజు ఇంకొకటి. మూడోది, కుబిక్ హార్డ్‌వేర్ షాపులో గుమాస్తా లైల్ బ్రెంకో ఒక కొనుగోలుదారుణ్ణి బైనాక్యులర్‌తో సహా బయటికి లాక్కొచ్చి కాలిబాట మీద నిలబెట్టిన రోజు. మొదటి రెండింటికీ రాతిపలకలు ఉన్నాయి. మూడోదానికి లేదు. అది మంగళవారమా బుధవారమా అన్న విషయంలో పెద్దల మధ్య ఏకాభిప్రాయం కూడా లేదు. హైస్కూల్లో ముప్పై ఏళ్ళు చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి ఈ లోటు పూడ్చే భారం నా మీద పడింది.

ఆ రోజు మొదలు ముప్పై ఎనిమిదేళ్ళ పాటు, లైల్ చేతి మీదుగా దుర్భిణి కొన్న ప్రతివాడూ ఆ కాలిబాట మీద పరీక్ష రాయవలసిందే. వీధి చివర, రెండు వందల గజాల దూరంలో, మెథడిస్టు చర్చి బోర్డు ఉంటుంది. దాన్ని చదవాలి. ముందు పన్నెండు రెట్లు పెద్దగా చూపించే దుర్భిణితో, తర్వాత పదితో, చివర ఎనిమిదితో.

"ఏం కనిపిస్తోంది?" అనేవాడు లైల్.

"అక్షరాలు బాగా పెద్దగా ఉన్నాయి. కానీ ఊగుతున్నాయి."

"ఊగేది బోర్డు కాదు నాయనా, నువ్వు. నీ గుండె కొట్టుకోవడం నువ్వే చూసుకుంటున్నావు. ఆ పనికి డాక్టరున్నాడు. ఇప్పుడు ఎనిమిది పెట్టుకో."

ఎనిమిది రెట్లలో అక్షరాలు చిన్నవే గాని కదలకుండా నిలబడేవి. అప్పుడు లైల్ లెక్కలోకి దిగేవాడు. దుర్భిణి ముందు గాజు వెడల్పును రెట్లతో భాగించాలి. వచ్చిన అంకె కంటికి అందే వెలుగు. నలభై రెండు మిల్లీమీటర్ల గాజును ఎనిమిదితో భాగిస్తే అయిదు దాటుతుంది. జేబులో పట్టే ఇరవై అయిదును పన్నెండుతో భాగిస్తే రెండు.

"జింక బయటికొచ్చేది తెల్లవారేటప్పుడూ, పొద్దుగూకేటప్పుడూ. ఆ వేళప్పుడు రెండంటే సూది బెజ్జంలోంచి చూసినట్టు. అయిదంటే కిటికీలోంచి చూసినట్టు."

"మరి యాభై గాజుది?"

"శుభ్రంగా తీసుకో. రోజంతా మెడకి ఇటుక కట్టుకుని కూర్చునే ఓపికుంటే."

ఎవరైనా, తుపాకీకి దుర్భిణి ఉండగా మళ్ళీ ఇదెందుకు అని అడిగితే మాత్రం లైల్ హాస్యం ఆగిపోయేది. "దాంతో వెతికావంటే, పొద అవతల ఉన్నది మనిషైతే ఆ మనిషి మీద తుపాకీ ఎక్కుపెట్టినట్టే" అనేవాడు. అలాంటివాడికి ఆ రోజు ఏమీ అమ్మేవాడు కాదు. షాపు యజమానికి ఇది పెద్ద బాధగా ఉండేది.

లైల్ భార్య ఆర్డిత్ పోయి పదకొండేళ్ళయింది. పిల్లలు లేరు. ఏడాదిలో యాభై వారాలు అతను బతికేది మిగిలిన రెండు వారాల కోసం. అవి జింకల సీజన్ రెండు వారాలు. కొండ మీద మా ఆరుగురికీ ఒక క్యాంపు ఉంది. క్యాంపు అంటే చెక్క ఇల్లు, కట్టెల పొయ్యి, ఎలుకలు. మా ఒక్కొక్కరికీ అడవిలో జింక కోసం కాచుకునే ఒక్కో చోటు ఉంది. లైల్ చోటు పాడుబడ్డ ఆపిల్ తోట అంచున, రెండు చెట్ల మధ్య కూర్చోడానికి కొట్టిన చెక్క పలక. ఆ పలక కొట్టింది వాళ్ళ నాన్న. ఆర్డిత్ అస్థికలు చల్లింది కూడా అక్కడే. ఈ సంగతి లైల్ నోటితో చెప్పలేదు. అడగకూడదని మాకు తెలుసు.

ఇంతలో ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. ఒక వైపు కొమ్ముకైనా మూడు మొనలు లేని మగ జింకను కొట్టకూడదు. అంతవరకూ కొమ్ముందా లేదా చూస్తే చాలు, ఇకనుంచి లెక్కపెట్టాలి. దుర్భిణుల అమ్మకం పెరిగింది. లైల్ తన వంతుగా క్యాంపుకి ఇంకో రూలు పెట్టాడు. తక్కువ మొనల జింకను కొట్టినవాడు చోటు వదులుకోవాలి, శాశ్వతంగా. అడవిలోంచి వంటగదిలోకి రావాలి.

రెండో ఏడే డేల్ సుచాక్ దొరికిపోయాడు. లైల్‌కి ఒకటో తరగతి నుంచి స్నేహితుడు. డేల్ కొట్టినదానికి ఇటు రెండు, అటు రెండు. "మంచు పడుతోందిరా, సరిగ్గా కనపళ్ళేదు" అని ఎంత బతిమాలినా లైల్ ససేమిరా అన్నాడు. డేల్ ఏప్రన్ కట్టుకున్నాడు. మొదటి మూడేళ్ళు మేం తిన్న బీన్స్ గురించి చరిత్ర మౌనం వహిస్తుంది.

నేను చెప్పబోయేది ఆ తర్వాత ఏడో ఏటి మాట. అక్టోబరులో రోండా అనే నర్సు తమ్ముడికి దుర్భిణి కొనడానికి షాపుకి వచ్చింది. నేను మేకుల కోసం వెళ్ళి అక్కడే ఉన్నాను. లైల్ ఆమెను కాలిబాట మీద నిలబెట్టి, తను ఇంకో దుర్భిణి పెట్టుకుని, పాస్టరు గారి బోర్డు తనే గట్టిగా చదివాడు. "అలసిన వారందరూ రండి."

"అలా లేదే బ్రెంకో గారూ," అంది రోండా. "శనివారం హామ్ విందు, మనిషికి తొమ్మిది డాలర్లు అనుంది."

పాస్టరు నెలకోసారి, ఒకటో తేదీన బోర్డు మారుస్తాడు. లైల్‌కి ఆ మాటలు నోటికొచ్చేవి. ఎంత కాలంగా అతను చదవకుండా అప్పజెబుతున్నాడో అతనికే తెలియదు. ఈసారి విందు కోసం నెల మధ్యలో మార్చారు.

"గాజు మురికిగా ఉంది" అన్నాడు లైల్. చొక్కా అంచుతో తుడిచాడు. అది కొత్త గాజు.

"కళ్ళు చూపించుకోకూడదూ?" అంది రోండా.

"కళ్ళకేం, గుండ్రంగానే ఉన్నాయి."

అప్పటినుంచి లైల్ సిద్ధాంతం చాటుగా సడలింది. తన కోసం ముందు పది రెట్లది ఇంటికి తీసుకెళ్ళాడు. తర్వాత యాభై గాజున్న పన్నెండుది. కౌంటరు దగ్గర మాత్రం ఎనిమిది చాలని చెబుతూనే ఉన్నాడు. కొండెక్కేటప్పుడు అతని మెడలో ఆ బరువు చూసి, "ఏంటి లైల్, ఇటుక కొన్నావా?" అన్నాను.

"ఎవరో వాపసిచ్చారు మాస్టారూ. ఊరికే పడుందని" అన్నాడు. నా మొహం చూడలేదు.

సీజన్ మొదటి సోమవారం ఉదయం తొమ్మిదింటికి ఆపిల్ తోట వైపు నుంచి ఒక్క తూటా మోత వినిపించింది. రెండోది రాలేదు. నా చోటు దగ్గరే కాబట్టి సాయం పడదామని వెళ్ళాను. జింక పడి ఉంది. లైల్ టోపీ తీసి దాని పక్కన చలిలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చేతి వేళ్ళు కొమ్ము మీద ఉన్నాయి.

"మాస్టారూ, లెక్కపెట్టు."

"రెండు."

"ఇటు?"

"ఇటూ రెండే, లైల్."

"చెవి వెనక చూడు. ఒకటి దాగుంటుంది."

చూశాను. చెవి వెనక మెడ ఉంది.

"మూడు కనపడ్డాయి మాస్టారూ. మూడుసార్లు లెక్కపెట్టాను. చెయ్యి వణుకుతుంటే చెట్టుకి ఆనించి మరీ లెక్కపెట్టాను." జింక నిలబడిన చోట, తల ఎత్తున, ఒక ఎండు ఆపిల్ రెమ్మ కొమ్ము మొనలా ముందుకు చాచుకుని ఉంది. దాన్ని అతనూ చూశాడు.

గురి తప్పితే మా క్యాంపులో చొక్కా అంచు కోసి గోడకి మేకు కొడతారు. పది నిమిషాలు నవ్వుకుంటారు, అంతటితో సరి. నేను చుట్టూ చూసి, సిగ్గు విడిచి అన్నాను. "తప్పిపోయిందని చెబుదాం. చొక్కా పోతుంది, అంతేగా. దీని మీద ఆకులు కప్పేస్తాను."

లైల్ తల తిప్పాడు. అతను ఆ పలక వైపు చూస్తున్నాడు.

"ఆ రోజు డేల్‌కి ఈ మాట ఎవరూ చెప్పలేదు" అన్నాడు. లేచి తాడు తీశాడు.

జింకను లాక్కొచ్చి ట్రక్కులో వేసుకుని వేట శాఖ ఆఫీసుకి వెళ్ళాం. బల్ల వెనక ఉన్న అమ్మాయి ఆ వేసవిలోనే మా జిల్లాకు బదిలీ అయి వచ్చింది. మర్యాదస్తురాలు.

"మీ అంతట మీరు వచ్చారు, అది చాలండీ. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. ఎంత దూరం?"

"ఎనభై గజాలు."

"దుర్భిణి వాడారా?"

"పన్నెండు రెట్లది. యాభై."

"అయ్యో, ఈ అడవికి అదెందుకండీ!" అంది, రాసుకుంటూనే. "కుబిక్ షాపులో ఒక పెద్దాయన ఉంటారట, ఎనిమిది చాలని అందరికీ చెబుతారట. కొనేముందు ఆయన్ని అడగాల్సింది."

"విన్నాను" అన్నాడు లైల్.

"మీ పేరు?"

చెప్పాడు. ఆమె కలం ఆగింది. తర్వాత తల ఎత్తకుండా, చాలా శ్రద్ధగా, పేరు రాసుకుంది.

మేం క్యాంపుకి వచ్చేసరికి మిగతావాళ్ళు మధ్యాహ్నం తిండికి చేరారు. డేల్ పొయ్యి దగ్గర గరిటె తిప్పుతున్నాడు.

"ఏరా, పెద్ద మోత మోగించావు. ఎన్ని?"

"రెండు."

"ఇంకోవైపు?"

"రెండు."

"రెండూ రెండూ నాలుగు" అన్నాడు డేల్. "నాదీ అంతే. పైగా నాకు మంచు పడుతోంది." ఎవరూ నవ్వలేదు. అతను కూడా.

లైల్ తుపాకీ గోడకి తగిలించి చెయ్యి చాచాడు. "ఏప్రన్ ఇలా ఇవ్వు. రూలు రూలే."

"ఇవ్వను. బీన్స్ మాడకుండా ఉడకబెట్టడం నేర్చుకునేసరికి నా తల ప్రాణం తోక్కొచ్చింది. ఇప్పుడు నువ్వొచ్చి మళ్ళీ మొదట్నుంచి మాడుస్తావా? గిన్నెలున్నాయి, తోముకో."

"అయితే నా చోటు నువ్వు తీసుకో."

డేల్ గరిటె దించాడు. "నా మోకాళ్ళు ఆ కొండెక్కవురా. ఎక్కే రోజుల్లో నువ్వు ఎక్కనివ్వలేదు."

పొయ్యిలో కట్టె చిటపటమంది. లైల్ చొక్కా చేతులు మడిచి నీళ్ళ తొట్టి దగ్గరికి వెళ్ళాడు. ఆ రెండు వారాలూ అక్కడే ఉన్నాడు. గిన్నెలు అంత బాగా తోమినవాడు మా క్యాంపులో అంతకుముందు లేడు. అంచులు వేళ్ళతో తడిమి చూసేవాడు.

తర్వాతి సీజన్‌కి అయిదుగురం ఏకగ్రీవంగా తీర్మానించి అతని చోటు అతనికి తిరిగి ఇచ్చాం. తీర్మానం నేనే రాశాను, మూడు పేరాలు, చరిత్రలోంచి రెండు ఉదాహరణలతో సహా. లైల్ చివరిదాకా చదివాడు. కళ్ళజోడు కూడా లేకుండా, కిటికీ పక్కన నిలబడి చదివాడు. చక్కగా ఉందన్నాడు. మడిచి నాకే ఇచ్చి, సబ్బు ఎక్కడుందని అడిగాడు. ఆపిల్ తోట వైపు ఆ ఏడూ ఎవరం వెళ్ళలేదు. పలకకి ఒక వైపు మేకులు ఊడిపోయాయి.

అప్పటికే, ఆ ఏడు మార్చిలోనే, రోండా పోరు పడలేక లైల్ పట్నం వెళ్ళి రెండు కళ్ళకీ శుక్లాలు తీయించుకున్నాడు. ఒక్కో కంటికి పదిహేను నిమిషాలు పట్టింది.