దున్నకు పెట్టిన పేరు

మా అన్న కూతురు కడుపుతో ఉన్నప్పుడే కొడుకు పుడితే ఏమని పిలవాలో ఖాయం చేసుకుంది. విహాన్. ఫోన్‌లో వెతికి వెతికి పట్టుకుంది. "సంస్కృతం పేరు కాకా, తెల్లారంగ వచ్చే వెలుగు అని అర్థం" అంది. గౌలిపురలో పాలు పిండే ఇంటికి ఇంతకన్నా తగిన పేరు లేదనీ, సూర్యుడు రోజూ లేచేది మా బర్రె అరుపు వినేననీ ఒక కథ అల్లి చెప్పాను. నమ్మలేదు గానీ నవ్వింది. కొడుకే పుట్టాడు.

పురుటికి వచ్చి మా ఇంట్లోనే ఉంది. పేరు పెట్టేది రేపనగా సదర్ వచ్చింది. దీపావళి తర్వాత మావాళ్లు దున్నపోతులను నూనెతో నిగనిగలాడించి, దండలేసి, బ్యాండుతో ఇళ్ల ముందు తిప్పే పండుగ. ఆ ఏడు మా అల్లుడు, అంటే అన్న కూతురి మొగుడు, వాళ్ల అన్నదమ్ములతో కలిసి హర్యానా నుంచి ఒక దున్నను తెచ్చాడు. అది గల్లీలోకి వస్తుంటే గోడలు కాస్త వెనక్కి జరిగాయి; నా కళ్లతో చూశాను.

మా గడప ముందు ఆగింది. వదిన సన్మానానికి శాలువా పట్టుకొని నిలబడింది, వెనక అన్న కూతురు చంటివాణ్ణి ఎత్తుకొని. మైకు పట్టుకున్నాయన గొంతు సవరించుకొని, "హర్యానా షేర్, హర్యానా సింహం, విహాన్" అన్నాడు. దున్న వీపు మీది గుడ్డపై జరీ అక్షరాల్లో అదే పేరు.

నేను పాన్ నమలడం ఆపేశాను. వదిన చేతిలోంచి శాలువా జారింది.

"ఏంది అల్లుడా ఇది?" అన్నాను.

"మంచి పేరు గద మామా. అర్థం గూడ మస్తుగున్నది. దున్నకు నలుగురు మెచ్చే పేరు గావాలె, నాకు గింతకన్న మంచిది యాదికి రాలే. ఇద్దరికి ఒక్కటే అయితే ఏమైతది?"

ఎగతాళికి అనలేదు. నిజంగా సంబరపడుతున్నాడు.

అన్న కూతురు అరవలేదు. బిడ్డను వదినకిచ్చి మెట్లు దిగింది.

"రేపు బడిల నా కొడుకును పిలిస్తే పోరగాళ్లకు దున్నపోతు యాదికొస్తది. తొమ్మిది నెలలు దాసుకున్న పేరు ఇది. ఆ గుడ్డ నువ్వు తీస్తవా, నన్ను తియ్యమంటవా?"

"అందరు జూస్తున్నరు..."

"చూడనీ."

తన తలకన్నా ఎత్తున్న ఆ దున్న పక్కకు వెళ్లి ముడి లాగింది. గుడ్డ కింద పడింది. బ్యాండు ఆగింది. సదర్‌లో పేరు లేని దున్నను నేను ఎన్నడూ చూడలేదు, ఏ కథలోనూ చెప్పలేదు. అల్లుడు గుడ్డ మడిచి చంకలో పెట్టుకొని తాడు పట్టాడు. మైకు పట్టుకున్నాయన నోరు తెరిచి, ఏమని పిలవాలో తెలియక మళ్లీ మూసుకున్నాడు. దున్న నడిచింది.