బొమ్మ అడుగున బెజ్జం

మీరు నమ్మినా నమ్మకపోయినా సరే... రోజూ నాకు అన్నం పెట్టే మట్టి మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను. ఇది జరిగింది. నాకే జరిగింది.

మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. కుండలు, బొమ్మలు చేస్తాం. పోయిన ఏడు తిరుపతి నుంచి శిల్పం పాఠాలు చెప్పే మేడం ఒకావిడ వచ్చి ఫోటో చూపించింది. కాళ్లు చాపి కూర్చున్న బొద్దు పసిబిడ్డ. ఒక వేలు నోటి దగ్గర. పెదవుల కొసలు కిందికి... ఏడవబోయే ముందు బిడ్డ మొహం ఎలా ఉంటుందో, అలా.

"మూడు వేల ఏళ్ల కిందటిదన్నా. మెక్సికోలో ఓల్మెక్‌లని ఉండేవాళ్లు, వాళ్లు చేశారు. లోపలంతా బోలు. కుమ్మరి సారె కూడా లేదు, ఒట్టి చేతులతోనే."

"సారె లేకుండానా! మొనగాళ్లే మేడం," అని నవ్వాను. తొడ మీది మడత చూశాక నవ్వు ఆగిపోయింది. బిడ్డను ఒళ్లో పెట్టుకుని పెంచినవాళ్లకే తెలిసే మడత అది. ఎందుకు చేశారో, దేవుడో ఎవరి బిడ్డో, ఎవరికీ తెలియదట. ప్రదర్శనకు అలాంటిదే ఒకటి కావాలంది.

బుగ్గలు మా ఆవిడ సుగుణ దిద్దింది. చూడగానే గుర్తుపట్టాను. ఏడు నెలలకే మాకు దక్కకుండా పోయిన మా పాప బుగ్గలవి. ఈ బొమ్మ పగిలితే మాత్రం సుగుణ తట్టుకోలేదు.

బోలు బొమ్మకు అడుగున బెజ్జం పెట్టాలి. లేకపోతే లోపలి గాలి వేడెక్కి బొమ్మ పగిలిపోతుంది. పని అయ్యేసరికి పొద్దుగూకింది. పొద్దుగూకాక బిడ్డ బొమ్మకు పుల్ల గుచ్చకూడదని మా నాయన పెట్టిన కట్టుబాటు. పొద్దున పెడదాంలే అనుకున్నాను. తెల్లారేసరికి మరిచాను. బొమ్మ ఆరింది, తెల్లమట్టి పూశాను, కుండలు కాల్చే ఆవంలో పేర్చి నిప్పు పెట్టాను.

గుర్తొచ్చింది ఎప్పుడో తెలుసా? అర్ధరాత్రి. మంట మంచి ఊపు మీద ఉంది. ఇంక తీయడానికి లేదు. 'ఠప్' మనే చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను.

కట్టెలు చిటపటమన్నాయి... హైవే మీద లారీ ఒకటి పోయింది... తర్వాత ఏమీ లేదు.

అప్పుడు వినిపించింది. ఆవం లోపల. సన్నగా... ఉఁ... ఉఁ... గాలి పీల్చి వదులుతున్నట్టు.

సుగుణ ఎప్పుడు లేచి వచ్చిందో!

"ఏడస్తాండాది గదా మావా," అంది, నెమ్మదిగా.

"మంట సప్పుడే అది. పోయి పడుకో పో."

ఆవిడ పోలేదు. ఆవం గోడకు జానెడు దూరంలో చెయ్యి పెట్టి, గాలినే మెల్లగా జోకొట్టింది. ఒకటి... రెండు... ఎన్నిసార్లో. చప్పుడు ఆగింది. విచిత్రమేమిటంటే నాకు భయం వేయలేదు. ఏడుపొచ్చింది.

ఆవం చల్లారాక బొమ్మను తీశాను. చెక్కుచెదరలేదు. తిరగేశాను... అడుగున బెజ్జం ఉంది. కాలాక తొలిచింది కాదు. పచ్చిమట్టిలో వేలు గుచ్చినట్టు అంచులు నున్నగా ఉన్నాయి.

"నువ్వేమన్నా పెట్టినావా మే?"

"నేనెందుకు పెడతా? నీ పని గదా అది."

నేనే పరాకులో పెట్టి మరిచానేమో. మట్టి కాలితే బెజ్జం కొంచెం చిన్నదవుతుంది కూడా. కానీ నా చిటికెన వేలు అందులో పట్టలేదు. సుగుణదీ పట్టలేదు.

ప్రదర్శనకు ఇంకో బొమ్మ చేసి ఇచ్చాను. ఇది మా ఇంట్లోనే ఉంది. అప్పుడప్పుడూ తిరగేసి చూస్తాను. మా పాప వేలు ఎంత ఉండేదో గుర్తు తెచ్చుకోవాలని... సరిగ్గా గుర్తు రాదు.